ఎవరూ చూడని ఏసీ పొయ్యి

కోనసీమకి రహస్యంగా వెళ్ళాలనుకునేవాళ్ళకి నా సలహా ఒక్కటే: వెళ్ళకండి. మామూలుగా వెళ్ళండి, చాలా బాగుంటుంది.

నేను వెళ్ళింది రహస్యంగా. హైదరాబాద్‌లో పేటెంటు దరఖాస్తులు రాసిపెట్టే ఒక మేడమ్ దగ్గర నేను జూనియర్‌ని. మా ఊరు నంద్యాల దగ్గర. ఇంజనీరింగ్ చదివాను కాబట్టి యంత్రాలు తయారుచెయ్యడం రాదు. వేరేవాళ్ళు తయారుచేస్తే అది ఎలా ఉందో పేజీలకి పేజీలు రాయడం మాత్రం వచ్చు. రాజోలు దగ్గర పల్లెలో ప్రసాద్ గారనే ఆయన ఒక పొయ్యి కనిపెట్టారట. పూతరేకులు తీసే ఆడవాళ్ళ మొహానికీ చేతులకీ సెగ తగలనివ్వదట. వెళ్ళి చూసి రమ్మని మేడమ్ నన్ను పంపారు.

పేటెంటు సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మనం కనిపెట్టినదాన్ని కొన్నేళ్ళపాటు మన అనుమతి లేకుండా ఎవరూ తయారుచేసి అమ్ముకోకుండా ప్రభుత్వం ఇచ్చే హక్కు అది. కాకపోతే ఒక మెలిక ఉంది. దరఖాస్తు పెట్టేనాటికి ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో లోకానికి తెలిసి ఉండకూడదు. కనిపెట్టినవాడే సంబరపడి ముందుగా నలుగురికీ చూపించేసినా, అది ఇక కొత్తది కాదు. చాలామంది సంబరపడతారు. మా ఆఫీసులో కుర్చీల్లో కూర్చుని ఏడ్చేవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే.

"ఆ పొయ్యిని బయటివాళ్ళెవరైనా చూశారేమో కనుక్కో. నువ్వెందుకు వెళ్తున్నావో మాత్రం దారిలో ఎవరికీ చెప్పకు" అన్నారు మేడమ్.

రెండోది చాలా తేలికనుకున్నాను. మా నంద్యాల బస్సుల్లో ఇద్దరు మనుషులు భుజాలు రాసుకుంటూ కూర్చుని కూడా కర్నూలు దాకా ఒక్క మాట లేకుండా వెళ్ళగలరు.

రావులపాలెం నుంచి అమలాపురం

రావులపాలెంలో బస్సు మారి, కొత్తపేట మీదుగా అమలాపురం వెళ్ళేదెక్కాను. రోడ్డుకి అటూ ఇటూ కొబ్బరి తోటలే. మా వైపు ఒక చెట్టు కనబడితే బస్సు ఆపుకుని నీడలో నిలబడతాం. ఇక్కడ ఎండ కావాలంటే వెతుక్కోవాలి.

పక్క సీట్లో పెద్దావిడ. పేరు సత్యవతి గారని తర్వాత తెలిసింది. ఒళ్ళో సంచి, సంచిలో జంతికలు. బస్సు కదిలిందో లేదో రెండు జంతికలు నా చేతిలో పెట్టారు.

"ఏ ఊరండి మీది?"

"నంద్యాలండి."

"అమ్మో, అంత దూరం నించే! ఎవరింటికండి?"

"ఎవరింటికీ కాదండి. ఊరికే చూద్దామని."

"ఒక్కరేనా అండి?"

"ఒక్కణ్ణే."

ఆవిడ నా ఇస్త్రీ చొక్కా చూశారు, కొత్తగా గీసుకున్న గడ్డం చూశారు, "ఆయ్" అన్నారు. ఈ 'ఆయ్' గురించి తెలియనివాళ్ళకి చెప్పాలి. అందులో 'సరే' ఉంటుంది, 'అర్థమైంది' ఉంటుంది, 'మీరు అబద్ధం చెబుతున్నారు, అయినా పర్లేదు' కూడా ఉంటుంది. ఈసారి మూడోది.

"అమ్మాయి ఏం చదివిందండి?"

"ఏ అమ్మాయండి?"

"సిగ్గెందుకండీ. పెళ్ళిచూపులకి ఒక్కరే రావడం ఇప్పుడు మామూలైపోయింది. మా మేనల్లుడూ అలాగే వెళ్ళేడు. ఏ ఊరండి సంబంధం?"

ఖండిద్దామనుకుని ఆగాను. రహస్యానికి ఇంతకంటే మంచి ముసుగు ఎక్కడ దొరుకుతుంది? "రాజోలు వైపండి" అన్నాను, కొంచెం సిగ్గు కూడా కలిపి.

"రాజోలు వైపా! అయితే ఏసీ పొయ్యి ప్రసాద్ గారు తెలుసునా అండి మీకు?"

చేతిలో జంతిక విరిగింది.

"ఏసీ... ఏంటండి?"

"పొయ్యండి. ఆయన మస్కట్‌లో ఏసీలు బాగుచేసేవోరు. ఇప్పుడు పొయ్యికి ఏసీ పెట్టేరంట. దానికి పేటెంటని ఏదో చేయిస్తున్నారంట కూడానండి. హైదరాబాద్ నించి ఆఫీసరు గారొస్తున్నారంట." గొంతు తగ్గించారు. "రహస్యమంటండి."

బస్సులో ముందు సీటు ఆయన వెనక్కి తిరిగి, అవునన్నట్టు తలూపాడు.

అమలాపురం, ఆ తర్వాత ఒక కాలువ

అమలాపురంలో పెసరట్టు ఉప్మా తిన్నాను. హోటలాయన బిల్లు ఇవ్వడానికి ముందు "ఇంకో అట్టు వేయించమంటారా అండి?" అని ఎంత బాధగా అడిగారంటే, వద్దంటే ఆయనకి ఏదైనా అవుతుందేమోనని వేయించుకున్నాను. బయట కొబ్బరి బొండాలు. హైదరాబాద్‌లో ఒక బొండానికి పెట్టే డబ్బుకి ఇక్కడ రెండు తాగి చిల్లర వెనక్కి తీసుకోవచ్చు. ఆ ఆశతోనే రెండోది కొట్టించాను. సగం చొక్కా తాగింది. కొబ్బరినీళ్ళ మరక ఉతికినా పోదని బొండాలాయన అన్నాడు. కొట్టి ఇచ్చే ముందు అనాల్సిన మాట.

రాజోలు వెళ్ళే దారిలో పి.గన్నవరం దగ్గర అక్విడక్టు ఉంది. కింద నది పోతుంటే దాని నెత్తిమీదుగా కాలువ పోతుంది. ఆటో ఆపించి చాలాసేపు చూశాను. మా ఊళ్ళో నీళ్ళ ట్యాంకరు కోసం మనుషులు ఒకరి మీదుగా ఒకరు ఎక్కుతారు. ఇక్కడ నీళ్ళే ఒకదాని మీదుగా ఒకటి ఎక్కి వెళ్తున్నాయి.

ఆటో ఆయన మర్యాదగా దగ్గి అడిగాడు. "పెళ్ళిచూపులకొచ్చింది మీరేనా అండి?"

"ఎవరు చెప్పారు?"

"సత్యవతి గారు మా పెద్దమ్మగారికి ఫోన్ చేసేరండి. ప్రసాద్ గారి వీధిలోనే కదండి అమ్మాయి?"

నా అబద్ధం నాకంటే ముందే రాజోలు చేరింది. నిజం దానికంటే వారం ముందు చేరింది.

ప్రసాద్ గారి ఇల్లు

"వందనాలండి. రండి రండి. మరక పడిందేంటండి చొక్కా మీద?" అంటూ ఎదురొచ్చారు ప్రసాద్ గారు. యాభై దాటిన మనిషి. మాట్లాడుతూనే నా చేతిలోని బ్యాగు ఎప్పుడు తీసుకున్నారో తెలియలేదు. ఆయన భార్య సుగుణ గారు మంచినీళ్ళూ, ఆ వెనకే కాఫీ, ఆ వెనకే అరటిపళ్ళూ పెట్టారు. ఆవిడది తక్కువ మాటలు. తక్కువే గానీ తగిలేవి.

పొయ్యి వెనక, గోడలు కట్టి మూసిన వసారాలో ఉంది. పూతరేకు ఎలా తీస్తారో చూడనివాళ్ళకి: వెడల్పాటి కుండని పొయ్యి మీద బోర్లిస్తారు. కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి గుడ్డని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి కుండ వీపు మీద ఒక్కసారి లాగితే, కాయితం కంటే పల్చని రేకు వస్తుంది. చెయ్యడానికి ఒక్క క్షణం. ఆ క్షణం కోసం మనిషి రోజంతా మంట ముందు కూర్చోవాలి.

ప్రసాద్ గారు ఏం చేశారంటే, కుండ అంచు చుట్టూ బోలుగా ఉన్న స్టీలు కంకణం ఒకటి అమర్చారు. దాని లోపలి వైపంతా సన్నని కంతలు. వెనక చిన్న ఫ్యాను, ఒక గొట్టం. కుండ పక్కల నుంచి లేచే సెగనీ పొగనీ ఆ కంతల్లోంచి లోపలికి పీల్చి కిటికీ బయటికి పంపేస్తుంది. కుండ మాత్రం కాలుతూనే ఉంటుంది. సుగుణ గారు కూర్చుని ఒక రేకు తీసి చూపించారు. కుండకి జానెడు దూరంలో చెయ్యి పెట్టి చూశాను. నిజంగానే సెగ లేదు. పొగడ్త ఒకటి వెతుక్కుంటూ ఉండగా ఆవిడే అన్నారు.

"మొదట్లో ఇలా లేదండి. ఊదేది. ఈయన బుర్రలో ఏసీ అంటే ఊదడమే. నా మొహానికి చల్లగాలి ఊదితే సుఖమనుకున్నారు. రేకులు ఎగిరి నెత్తిమీద పడ్డాయండి. ఊదొద్దు మహానుభావా, పీల్చమన్నాను."

"అది అప్పటి సంగతి లెండి" అన్నారు ప్రసాద్ గారు.

ఆయనకి ఈ పేటెంటు ఎందుకో భోజనాల దగ్గర తెలిసింది. రాజమండ్రిలో ఒక వర్క్‌షాపాయన ఇంకా చూడకుండానే, సంగతి విని, ఈ పొయ్యిలు తయారుచేసి అమ్ముతానంటున్నాడు. అమ్మినదానిలో వాటా ప్రసాద్ గారికి. పేటెంటుకి పెట్టిన కాయితం ఉంటే ఒప్పందం రాసుకుంటాడు. లేకపోతే ఆయనకి ప్రసాద్ గారి అవసరమే లేదు, ఒక పొయ్యి చూసి వంద చేసుకోగలడు. రెండో వైపు మస్కట్ కంపెనీ వీసా సిద్ధంగా పెట్టుకుని, నెలాఖరుకి వస్తావా రావా అని అడుగుతోంది.

"ఇంకెళ్ళనండి" అన్నారాయన. "పెద్దమ్మాయి పెళ్ళి ఫోన్‌లో చూసేనండి. ప్రమాణాలు చేసేటప్పుడు నెట్‌వర్క్ ఆగిపోయింది. ఇప్పటికీ పెళ్ళంటే నాకు అల్లుడు గారు నోరు తెరుచుకుని ఉండడమే కనబడుతుందండి."

నవ్వబోయి ఆగాను. సుగుణ గారు నవ్వలేదు. నా విస్తట్లో ఇంకాస్త పనసపొట్టు కూర వేశారు. కూరలో ఆవపిండి, కొంచెం బెల్లం. మా వైపు కూరలో బెల్లం వేస్తే పెద్దమనుషుల్లో పెడతారు. ఇక్కడ రెండోసారి అడిగి వేయించుకున్నాను.

కడుపు నిండాక అసలు ప్రశ్న వేశాను. "ఈ పొయ్యిని బయటివాళ్ళెవరైనా చూశారా అండి?"

"ఎవ్వరూ చూళ్ళేదండి" అన్నారు ప్రసాద్ గారు, బైబిలు మీద చెయ్యి వేసినంత గట్టిగా.

ఆయన భుజం మీదుగా చూశాను. కోళ్ళగూడుకి ఎండ పడకుండా కప్పిన ఫ్లెక్సీ మీద ఇలా ఉంది: 'ప్రసాద్ గారి నూతన పొయ్యి ప్రతిష్ఠ ప్రార్థన. అందరూ ఆహ్వానితులే.'

ఫ్లెక్సీ

ఇక్కడి క్రైస్తవుల ఇళ్ళల్లో కొత్తగా ఏది వచ్చినా ప్రార్థన పెట్టిస్తారు. ఇల్లయినా, బండయినా, బోరు మోటారయినా. పాస్టర్ గారొస్తారు, బంధువులొస్తారు, బిర్యానీ వస్తుంది. ఇదంతా ఇలా జరగబోతోందని కూడలిలో ఫ్లెక్సీ కడతారు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఈ ఫ్లెక్సీలో పొయ్యి బొమ్మ ఉంటే, మా దరఖాస్తు దాంతోపాటు కోళ్ళగూడు మీదే పరుచుకోవచ్చు.

కోళ్ళు వద్దంటున్నా ఫ్లెక్సీ లాగి నేల మీద పరిచాను. పైన ప్రసాద్ గారు, సుగుణ గారు. పక్కన పాస్టర్ గారు. కింద వరుసగా బావలు, తోడల్లుళ్ళు, మస్కట్ మిత్రమండలి, ఒక చంటిపాప. ఫ్లెక్సీ కట్టించాక మా ఫొటో ఏదీ అని ఎవరైనా నొచ్చుకుంటే ఊరుకోలేరు కదా. పొయ్యి కోసం వెతికాను. చివరికి కుడి మూల, చంటిపాప మోచేతి కింద దొరికింది. దాని మీద కొత్త పట్టుచీర కప్పి ఉంది.

"ప్రార్థన అయ్యేదాకా తియ్యకూడదు కదండి" అన్నారు ప్రసాద్ గారు.

"అయ్యాక తీశారా?"

"తీద్దామనుకునేసరికి బిర్యానీ వచ్చేసిందండి. అందరూ అటు వెళ్ళిపోయేరు."

ఊరంతటికీ తెలిసిన రహస్యం, ఎవరూ చూడని యంత్రం. బిర్యానీకి మనసులోనే వందనాలు చెప్పుకున్నాను. మేడమ్‌కి శుభవార్త చెబుదామని ఫోన్ తీస్తుండగా సుగుణ గారు కోళ్ళకి నూకలు వేస్తూ అన్నారు.

"మరి మా వదినగారికి పంపించిందో?"

ప్రసాద్ గారు ఆవిడ వైపు తిరిగారు. "అది చూపించడం కాదే. ఇవ్వడం."

మొదటి పొయ్యి, అంటే ఊదే పొయ్యి, ఆత్రేయపురంలో ఉంటున్న వాళ్ళ అక్కగారు కరుణమ్మ గారికి ఇచ్చారట. ఏదైనా మొదటిది ఆడపడుచుకి ఇవ్వాలి. మొదటి గెల, మొదటి జీతంలో చీర, మొదటి పొయ్యి. ఇవ్వకుండా ఎలాగండి, అని నన్నే అడిగారు.

"ఆవిడ దాంతో ఏం చేస్తున్నారు?"

"రేకులు తీసి అమ్ముతుందండి. రోడ్డు మీదే కొట్టు. రోజూ జనమేనండి. అందరూ ఫోన్లలో వీడియోలు తీసుకుంటారు" అన్నారాయన గర్వంగా.

నేను కోళ్ళగూడు పక్కన కూర్చున్నాను. ఒక కోడి నన్ను చూసి పక్కకి జరిగింది.

కాలువ గట్టున

మర్నాడు అదే చొక్కాతో ప్రసాద్ గారి బండి మీద ఆత్రేయపురం బయల్దేరాం. కొత్తపేటలో టీకి ఆగితే టీ కొట్టాయన "అమ్మాయి నచ్చిందా అండి?" అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను.

దారి చాలాదూరం కాలువ పక్కనే. అందంగా ఉంది. ఉందని తెలుస్తూనే ఉంది గానీ అనుభవించే స్థితిలో లేను. ప్రసాద్ గారు మాత్రం వెనక్కి తిరిగి తిరిగి చెబుతున్నారు. "అక్కకి ఆ పొయ్యంటే ప్రాణమండి. ఎప్పుడు ఫోన్ చేసినా 'చల్లగా ఉందిరా తమ్ముడూ' అంటుంది. మా ఆవిడ దగ్గరే ఎగిరేయి రేకులు. నీ చేతిలోనే ఏదో తేడా ఉందే అన్నానండి. రెండు రోజులు మాట్లాడలేదు."

ఆయన ఆ పొయ్యిని ఎంత మెచ్చుకుంటే మా దరఖాస్తు అంత చేజారుతోంది. ఊదేదీ పీల్చేదీ వేరని మేము వాదించుకోవచ్చు. కానీ కంకణం అదే, కంతలు అవే, ఫ్యాను అదే. అది జనం వీడియోల్లో ఉంటే, తేడా అంతా ఫ్యాను తిప్పి బిగించడమే కదా అంటారు పరిశీలించే ఆఫీసర్లు. వర్క్‌షాపాయన కూడా అదే అంటాడు, ఇంకా తొందరగా. ఆ తర్వాత ఈయన మస్కట్ విమానం ఎక్కుతారు.

ఆత్రేయపురం

కరుణమ్మ గారి కొట్టు ముందు నిజంగానే జనం ఉన్నారు. నిజంగానే వీడియోలు తీస్తున్నారు. వాళ్ళ మధ్యలోంచి తలదూర్చి చూశాను.

మామూలు కుండ. మామూలు పొయ్యి. మామూలు పొగ. మొహమంతా చెమటతో కరుణమ్మ గారు రేకు తీస్తున్నారు. తలెత్తి తమ్ముణ్ణి చూడగానే ఆవిడ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"అదేంట్రా, చెప్పకుండా వచ్చేవు?"

"పొయ్యేదక్కా?"

"ముందు మజ్జిగ తాగండర్రా. ఈ బాబెవరు? చొక్కా మీద ఆ మరకేంటి?"

"అక్కా, పొయ్యేది?"

కరుణమ్మ గారు లేచి లోపలికి నడిచారు. మేమూ వెనకాల వెళ్ళాం. వెనక గదిలో మూల దుప్పటి కప్పిన ఆకారం ఒకటి. దుప్పటి మీద కొబ్బరికాయల పోగు. ఆవిడ ఒక్కొక్క కాయా తీసి కింద పెట్టారు. ఎంత నెమ్మదిగా తీసినా కాయలు అయిపోయాయి. పొయ్యి చేసిననాటి మెరుపుతో మిలమిలలాడుతోంది.

"ఒక్కసారి వెలిగించేనురా. మీ బావా నేనూ, ఇక్కడే. మొదటి రేకు ఎగిరెళ్ళి మా మావగారి ఫొటోకి అంటుకుంది. రెండోది మీ బావ కళ్ళజోడుకి."

"మరి రోజూ చల్లగా ఉందన్నావు కదే?"

"ఉందిరా. ఆ రోజు నేను చల్లగానే ఉన్నాను. రేకులే లేవు."

ప్రసాద్ గారు అక్కడే ఉన్న బియ్యం డబ్బా మీద కూర్చుండిపోయారు. "ఒక్క మాట చెప్పకపోయేవా అక్కా."

"ఎలా చెప్పనురా? నువ్వు అంత ప్రేమగా మోసుకొస్తే! నీ మనసు కష్టపెట్టి నేను బావుకునేదేంటి? సెగ నాకు కొత్తా ఏంటి?"

ఆ గదిలో ఆ క్షణాన ఆనందంగా ఉన్న మనిషి నేనొక్కణ్ణే. అది మొహంలో కనబడకుండా అడగడం కొంచెం కష్టమైంది.

"ఇంకెవరైనా దీన్ని చూశారా అండి?"

"ఎవరికి చూపిస్తామండీ" అన్నారు కరుణమ్మ గారు, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "చూపించుకునేలా ఉంటే కదా."

ఇలా బాగులేదురా తమ్ముడూ అని ఆవిడ మొదటి రోజే ఫోన్ చేసి ఉంటే, ఆయన ఆ సాయంత్రమే వచ్చి ఫ్యాను తిప్పి బిగించేవారు. మర్నాటి నుంచి రోడ్డు మీద జనం మధ్య అది చక్కగా పనిచేసేది. అందరి ఫోన్లలోకీ ఎక్కేది. ఆవిడ మొహమాటం ఒక్కటే దాన్ని దుప్పటి కింద దాచింది. మా మేడమ్ రాసే రహస్య ఒప్పందాలన్నీ కలిపినా ఇంత గట్టిగా పనిచెయ్యవు.

ప్రసాద్ గారు లేచి స్క్రూడ్రైవరు అడిగారు. ఫ్యాను విప్పి, తిప్పి బిగించారు. గొట్టాన్ని కిటికీ సందులోంచి బయటికి పెట్టారు. నేను తలుపులు వేశాను, బయటివాళ్ళు చూడకూడదు కాబట్టి. సెగ తగలని పొయ్యిని పరీక్షించడానికి ముగ్గురం తలుపులన్నీ మూసుకుని ఉడికిపోయాం. కొట్టు ముందు నుంచి ఎవరో "అమ్మా, రేకులున్నాయా?" అని అరుస్తున్నారు.

కరుణమ్మ గారు గుడ్డ పిండిలో ముంచి కుండ మీద లాగారు. రేకు కదల్లేదు. తీశారు. ఇంకోటి లాగారు. తర్వాత ముంజేయిని కుండ పక్కన పెట్టి అలాగే ఉంచారు. ఆ చేతి మీద పాత కాలిన మచ్చలు గాజుల్లా వరసగా ఉన్నాయి. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"మొదటే ఇలా చేసివ్వొచ్చు కదరా?" అన్నారు.

"నువ్వు చెప్పలేదు కదక్కా."

ప్రసాద్ గారు ఇంటికి ఫోన్ చేశారు. అక్క దగ్గర కూడా రేకులు ఎగిరాయని ఒప్పుకున్నారు. స్పీకరులో సుగుణ గారు "ఆయ్" అన్నారు. అంతే అన్నారు. ఆ 'ఆయ్'లో నేను సత్యవతి గారి దగ్గర నేర్చుకోని అర్థాలు చాలా ఉన్నాయి.

దరఖాస్తు పడేదాకా పొయ్యిని ఎవరికీ చూపించకూడదని, అప్పటిదాకా వాడొద్దని కరుణమ్మ గారికి చెప్పాల్సిన పని నాది. చల్లటి పొయ్యి దొరికి పది నిమిషాలు కాలేదు. ఆవిడ దుప్పటి తీసుకుని మళ్ళీ కప్పారు. కొబ్బరికాయలు మళ్ళీ పేర్చారు. "వీడు మస్కట్ వెళ్ళకుండా ఉంటాడంటే ఎన్నాళ్ళైనా కూర్చుంటానండి" అని, వెళ్ళి మంట ముందు కూర్చున్నారు. ఇక్కడ ఏదైనా సరదా మాట అందామని చూశాను. దొరకలేదు. ఒక డబ్బా పూతరేకులు కొన్నాను. ఆవిడ డబ్బులు తీసుకోలేదు.

హైదరాబాద్

మేడమ్ అంతా విని, కొంచెం నవ్వి, కొంచెం తిట్టి, దరఖాస్తులో గాలి పీల్చే పద్ధతినే ముందు పెట్టి రాయమన్నారు. కనిపెట్టినవారి పేర్లు అడిగితే ప్రసాద్ గారు ఫోన్‌లో సుగుణ గారి పేరు కూడా చేర్చమన్నారు. "పీల్చమన్నది తనే కదండి" అన్నారు. వెనకాల నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "నా పేరు ముందు రాయమనండి."

ముందే రాశాం. దరఖాస్తు పడింది, నంబరు వచ్చింది. అసలు పేటెంటు రావడానికి ఇంకా ఏళ్ళు పట్టొచ్చు. కానీ వర్క్‌షాపాయన ఒప్పందం మీద సంతకం పెట్టడానికి నంబరు చాలింది. మస్కట్ కంపెనీకి ప్రసాద్ గారు రానని చెప్పేశారు. ఎంత మర్యాదగా చెప్పారంటే, వస్తారేమోననుకుని వాళ్ళు ఇంకో రెండుసార్లు ఫోన్ చేశారట.

మొన్న వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. ఆత్రేయపురం రోడ్డు మీద కొత్త ఫ్లెక్సీ. పైన సుగుణ గారు, ప్రసాద్ గారు. మధ్యలో కరుణమ్మ గారు, పొగ లేని మొహంతో. పాస్టర్ గారు, బావలు, మస్కట్ మిత్రమండలి, కొంచెం ఎదిగిన చంటిపాప. ఏ సంబంధంతో వచ్చారో తెలియదు గానీ సత్యవతి గారు. ఆవిడ పక్కన, ప్రసాద్ గారింట్లో తీసిన మరక చొక్కా ఫొటోతో నేను. కింద పెద్ద అక్షరాల్లో దరఖాస్తు నంబరు.

ఇక ఎవరైనా చూడొచ్చు కదా అని పొయ్యి కోసం ఫొటో పెద్దది చేసి వెతికాను. ఈసారి దాని మీద చీర కప్పలేదు. అందరం ముందు నిలబడి మేమే కప్పేశాం.